అరవై మార్కుల పంపకం

కృష్ణప్రియకి కోపమొస్తే అవతలివాళ్లకి మర్యాద ఎక్కువవుతుంది. కైకలూరు చేపల ఫీడ్ డిపోలో హమాలీలకి ఈ సంగతి బాగా తెలుసు. "అయ్యా, మేత బస్తాలు తడుస్తున్నట్టున్నాయండి, కాస్త చూస్తారా?" అని ఆవిడ అన్నదంటే టీ గ్లాసులు ఎక్కడివక్కడ పెట్టేసి పరుగెడతారు. తెలియనివాళ్లు మాత్రం ఎంత నెమ్మదైన మనిషో అనుకుని నిలబడే ఉంటారు. అలా అనుకున్నవాళ్లే ముగ్గురు ఆ డిపోకి వరసగా మేనేజర్లుగా వచ్చారు. మొదటి ఇద్దరూ ఆవిడ దగ్గర పని నేర్చుకుని పెద్ద ఊళ్లకి వెళ్లిపోయారు. మూడో ఆయనా అదే దారిలో ఉన్నాడు. పదకొండేళ్లుగా కృష్ణప్రియ అసిస్టెంట్ మేనేజరే.

మూడో ఆయన చేరిన రోజున రీజనల్ మేనేజరు గారు ఆవిణ్ణి పక్కకి పిలిచి, "మీకు అన్నీ ఉన్నాయమ్మా, ఒక్క మేనేజ్‌మెంట్ పీజీ లేదు. అదుంటే ఈ కుర్చీ మీకే ఇచ్చేవాణ్ణి. ఈయన రెండేళ్లకి మించి ఉండడు లెండి," అన్నారు. ఆయన ఓదార్పుకి అన్న మాటని కృష్ణప్రియ ఒప్పందం కింద పట్టుకుంది. నలభై ఒకటో ఏట, కూతురు పదో తరగతిలో ఉండగా, ఏలూరులో ఉద్యోగస్తుల కోసం నడిపే రెండేళ్ల పార్ట్‌టైమ్ కోర్సులో చేరింది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా క్లాసులు. వెళ్లడానికి కొల్లేరు మీదుగా బస్సు. వానాకాలంలో ఆ రోడ్డు మునిగితే రైలు.

క్లాసులో ముప్పై ఆరుగురు. అందరూ ఎక్కడో ఒకచోట పదిమందికి పని చెప్పేవాళ్లే. వారమంతా కిందివాళ్ల సెలవు చీటీలు తిప్పిపంపే పెద్దమనుషులు ఆదివారం పొద్దున్న చేతులు కట్టుకుని, "సార్, మా అత్తగారికి ఒంట్లో బాగాలేదు సార్, అందుకని అసైన్‌మెంటు..." అని నీళ్లు నమిలేవారు. ఆ సాకులన్నీ వాళ్లు కిందివాళ్ల దగ్గర విన్నవే. కొత్తవి కనిపెట్టే ఓపిక ఎవరికుంది?

చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు చెయ్యాలన్నారు. నలుగురేసి ఒక జట్టు. కృష్ణప్రియ జట్టులో ఇందుజ ఉంది. ఏలూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఆఫీసు అంతా చూసుకునే మనిషి. మొదటి ఆదివారం పక్క కుర్చీలో కూర్చున్నది మూడో ఆదివారానికి "ఏమే" అని పిలిచేంత దగ్గరైంది. మూడో మనిషి సాయిరామ్, ఉంగుటూరులో బ్యాంకు ఆఫీసరు. ముప్పై నాలుగేళ్లవాడు. కృష్ణప్రియని అక్కా అంటాడు. ఇక నాలుగో ఆయన రామలింగం గారు.

రామలింగం గారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు. యాభై మూడేళ్లు. డిగ్రీ పరీక్ష రాసి ఇంటికి రాగానే తండ్రి కాటా దగ్గర కూర్చోబెట్టారు. మళ్లీ లేవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. కొడుకు భరత్ కొట్టు చూసుకునేంతవాడయ్యాక ఈ చదువుకి వచ్చారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మొదటి బెంచీలో కూర్చునేవారు. "డిమాండు పెరిగేదాకా ఆగాలి అంటున్నారు కదండీ, ఈలోగా సరుకు కుళ్లిపోతే?" లాంటి ప్రశ్నలు వేసి ప్రసాదరావు మాస్టారిని ఇరకాటంలో పెట్టేవారు. ఆయన భార్య రత్నాంబ గారు ప్రతి ఆదివారం నలుగురికీ సరిపడా క్యారేజీ సర్ది పంపేవారు. ఆవిడ చేతి కందబచ్చలి కూర తిన్నవాళ్లు ఆ ఇంటిమీద ఈగ వాలనివ్వరు. అసలు చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

ప్రాజెక్టు కైకలూరు డిపో మీదే. చేపల చెరువుల రైతులందరూ పొద్దున్నే ఒకేసారి ట్రాక్టర్లూ మినీ వ్యాన్లూ పంపుతారు. గేటు దగ్గర రెండేసి గంటలు నిలబడిపోతాయి. ఎందుకు నిలబడుతున్నాయి, ఎలా తగ్గించాలి అన్నది విషయం. కృష్ణప్రియ నలభై రోజులు గేటు దగ్గర ప్రతి బండి వచ్చిన టైమూ పోయిన టైమూ రాసుకుంది. పట్టికలు వేసింది. డెబ్భై పేజీల రిపోర్టు రాసింది. ఇందుజ ఇరవై ఇద్దరు రైతులతో మాట్లాడి వాళ్ల గోడు రాసుకొచ్చింది. సాయిరామ్ గ్రాఫులు గీశాడు. రామలింగం గారు కారు తోలారు.

ఆయనకి పని చెప్పాలని ముగ్గురికీ ఉంది. కానీ ఎవరు చెబుతారు? వయసులో అందరికంటే పెద్ద మనిషిని, నలుగురికీ అన్నం తెచ్చే మనిషిని పట్టుకుని, "ఈ పట్టిక రేపటికల్లా నింపుకురండి" అనడానికి నోరు రావాలి కదా. ఆయన ఏ కాగితమైనా అందుకోబోతే ముగ్గురిలో ఎవరో ఒకరు చనువుగా చేతిలోంచి తీసేసుకునేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

రిపోర్టు ఇచ్చేసిన తర్వాతి ఆదివారం ప్రసాదరావు మాస్టారు తలా ఒక ఫారం పంచారు. "మీ జట్టులో మిగతా ముగ్గురికీ కలిపి అరవై మార్కులు పంచాలండి. ఎవరు ఎంత పని చేశారో మీకే తెలుసు, నాకు తెలియదు. ఏ ఇద్దరికీ సమానంగా వెయ్యకూడదు. సమానంగా వేస్తే ఆ ఫారం చెల్లదు. మీరేం వేశారో మిగతావాళ్లకి చెప్పను. అందరి దగ్గరనుంచీ కలిపి ముప్పై తగ్గితే ప్రాజెక్టు తప్పినట్టే," అని చెప్పి, మొహమాటాలు వద్దని నవ్వుతూ హెచ్చరించారు. గోదావరి నీళ్లు తాగినవాళ్లని మొహమాటపడొద్దంటే ఎలా? ఆ మాట అన్న మాస్టారే అటెండరు తెచ్చిన చల్లారిన టీని బాగుందని తాగేశారు.

కృష్ణప్రియ ఫారం ముందు పెట్టుకుంది. రామలింగం గారి పేరు ఎదురుగా సున్నా వెయ్యాలి. చెయ్యి రాలేదు. మిగతా ఇద్దరూ ఎలాగూ నిజమే వేస్తారు, నేనొక్కదాన్ని మర్యాద చేస్తే కొంప మునగదు అనుకుని ఇరవై అయిదు వేసింది. సాయిరామ్ చిన్నవాడు, నొచ్చుకుంటాడని ఇరవై ఒకటి. మిగిలింది పద్నాలుగు. అది ఇందుజకి. ఇందుజ మనదే కదా, ఏమీ అనుకోదు. మన వైపు పెళ్లిళ్లలో కూర చాలదని తేలితే వడ్డించేవాళ్లు ముందుగా ఇంటివాళ్ల విస్తళ్లు దాటేస్తారు. కృష్ణప్రియ చేసింది సరిగ్గా అదే.

ఏప్రిల్ మూడో వారంలో ఫలితాలొచ్చాయి. అప్పుడు ఆవిడ డిపో కౌంటర్లో ఉంది. ఫోను తెరిచి చూసింది. రామలింగం డెబ్భై అయిదు. సాయిరామ్ నలభై మూడు. ఇందుజ ముప్పై అయిదు. కృష్ణప్రియ ఇరవై ఏడు.

మళ్లీ చూసింది. ఇరవై ఏడే. మిగతా సబ్జెక్టులన్నిట్లో మొదటి తరగతి, ప్రాజెక్టులో ఫెయిలు. నలభై రోజులు తను గేటు దగ్గర నిలబడి రాసిన ప్రాజెక్టులో! ఎదురుగా ఇన్‌వాయిసు కోసం ఎదురుచూస్తున్న రైతుతో, "దయచేసి కూర్చోండి బాబూ, మీ సెలవైతే ఒక్క నిమిషంలో ఇచ్చేస్తానండి," అంది. లోపలున్న హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని బస్తాల వెనక్కి తప్పుకున్నారు.

మే ఒకటిన మూడో మేనేజరు వెళ్లిపోతున్నాడు. పాసైనట్టు కాగితం నెలాఖరులోగా పంపితే ఆర్డరు వేయిస్తానని రీజనల్ మేనేజరు గారు అప్పటికే మెయిలు పెట్టారు. పంపకపోతే వైజాగ్ నుంచి ఇంకొకాయన వస్తాడు. అతనికి ఏ మేత ఏ సైజు చేపకో, ఏ తాళం ఏ గోడౌనుదో మళ్లీ మొదటినుంచీ చూపించాలి. ఆ ఆలోచనకే ఆవిడకి ఏడుపొచ్చింది. ఇందుజ రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తితే మర్యాదగా మాట్లాడేస్తానేమోనని భయం.

మర్నాడు సెలవు పెట్టి ఏలూరు వెళ్లింది. ప్రసాదరావు మాస్టారు ఆవిడ మొహం చూడగానే కుర్చీ జరిపారు.

"మీ జట్టులో ఒకరి ఫారం చెల్లలేదమ్మా. అందువల్ల మీకు ఇద్దరివే పడ్డాయి."

"ఎవరిదండీ?"

"అది చెప్పకూడదు. మీరు అభ్యంతరం రాసిస్తే నలుగుర్నీ కూర్చోబెట్టి ఫారాలు బయటపెడతాను. పాతవన్నీ రద్దు. అందరూ ఎదురెదురుగా, పైకి చెబుతూ మళ్లీ వెయ్యాలి. ఈసారి మార్కు పక్కన ఆ మనిషి చేసిన పని కూడా రాయాలి. రాయడానికి పని లేకపోతే అక్కడ మార్కు పడదు." ఫారాల కట్ట సొరుగులో పెట్టి, "ఇంటికెళ్లి ఆలోచించుకోండి," అన్నారు.

ఆలోచించడానికేముంది? రాసిస్తే తను ఇందుజకి వేసిన పద్నాలుగు బయటికొస్తుంది. రామలింగం గారి మొహం మీద సున్నా అని చెప్పాలి, ఆయన తప్పుతారు. రాయకపోతే వైజాగ్ ఆయనకి తాళాలు చూపించాలి. కృష్ణప్రియ పావుగంట ఆ గది బయట బెంచీ మీద కూర్చుంది. తర్వాత లోపలికొచ్చి, తెల్లకాగితం అడిగి తీసుకుని రాసిచ్చింది.

ఆదివారం నలుగురూ మాస్టారి గదిలో కూర్చున్నారు. రత్నాంబ గారి క్యారేజీ ఆ రోజూ వచ్చింది. దాని మూత ఎవరూ తియ్యలేదు. మాస్టారు మొదట చెల్లని ఫారం చదివారు. అది రామలింగం గారిది. కృష్ణప్రియకి నలభై, ఇందుజకి పది, సాయిరామ్‌కి పది.

"రెండు పదులు వేశారేమిటండీ? సమానంగా వెయ్యకూడదని చెప్పాను కదా."

"చెప్పారండి. కానీ వాళ్లిద్దరి పనీ ఒక్కలాగే తూగిందండి. తూగినదాన్ని ఒకటి తొమ్మిదనీ ఒకటి పదకొండనీ ఎలా రాస్తాం?"

కృష్ణప్రియ తల దించుకుంది. పనిచెయ్యని మనిషి ఒక్కడే నిజం రాశాడు. పనిచేసిన ముగ్గురూ అబద్ధం రాశారు.

తర్వాత సాయిరామ్ ఫారం. కృష్ణప్రియకి పదమూడు. అతను చెవులదాకా ఎర్రబడి, "మా అక్కే కదా, తనకి అందరికంటే ఎక్కువే వస్తాయి, నేను తగ్గిస్తే ఏమవుతుందిలే అనుకున్నానండి," అన్నాడు. ఆ తర్వాత ఇందుజది. కృష్ణప్రియకి పద్నాలుగు. రాత్రంతా కూర్చుకున్న మాట ఒకటి కృష్ణప్రియ నాలుక చివరే ఉంది. స్నేహమంటే ఇదేనా అని అడగాలని. ఈలోగా మాస్టారు ఆవిడ ఫారం కూడా చదివేశారు. ఇందుజకి పద్నాలుగు.

ఇందుజ తిరిగి చూసింది. "నువ్వు కూడానా?"

"మనదానివే కదా అనుకున్నానే."

"నేనూ అదే అనుకున్నాను."

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వు రాలేదు. పరాయివాళ్ల ముందు మంచివాళ్లం అనిపించుకోవడానికి ఒకరి విస్తట్లోది ఒకరు తీసి పెట్టేశారు. ఆ సంగతి ఇద్దరికీ నొప్పిగానే తగిలింది. ఇందుజ బల్ల కింద కృష్ణప్రియ చెయ్యి పట్టుకుని వదలలేదు.

"సరే, మొదలుపెట్టండి," అని మాస్టారు కొత్త ఫారం కృష్ణప్రియ ముందుకి జరిపారు. "పైకి చెబుతూ రాయాలి."

"ఇందుజ, ఇరవై ఇద్దరు రైతులతో మాట్లాడింది. ముప్పై ఒకటి. సాయిరామ్, గ్రాఫులన్నీ వేశాడు. ఇరవై తొమ్మిది."

"అరవై అయిపోయాయి. మరి రామలింగం గారికి?"

కృష్ణప్రియ పెన్ను పట్టుకుని ఉండిపోయింది. అంకె ఏమిటో అందరికీ తెలుసు, అయినా అది నోటితో అనాలి. ఇందుజ ఉండబట్టలేక, "మమ్మల్ని రెండుసార్లు కైకలూరు తీసుకెళ్లారు కదండీ, రవాణా అని రాయొచ్చేమో," అంది. మాస్టారు ఏదో అనబోయారు.

"వద్దమ్మా," అన్నారు రామలింగం గారు. "కారు నాది. పని మీది." కృష్ణప్రియ వైపు తిరిగి, "వెయ్యండమ్మా, ఫర్వాలేదు," అన్నారు.

"రామలింగం గారికి సున్నా," అంది కృష్ణప్రియ. ఆ అంకె ఫారంలో వేసింది. మంచినీళ్లు తాగింది.

మిగతా ఇద్దరూ సున్నాయే వేశారు. మొదటివాళ్లు అనేశాక అనడం తేలిక. చివరికి రామలింగం గారి వంతు వచ్చింది. కృష్ణప్రియకి మళ్లీ నలభై వేశారు. మిగతా ఇరవై దగ్గర చాలాసేపు తటపటాయించి, తొమ్మిది ఎవరికో పదకొండు ఎవరికో ఆ ఇద్దర్నీ తేల్చుకోమన్నారు. సాయిరామ్ తొమ్మిది పుచ్చుకున్నాడు. మాస్టారు అన్నీ కూడి, ముగ్గురూ పాసయ్యారని చెప్పారు. రామలింగం గారు డిసెంబరులోగా ఒక్కరే ప్రాజెక్టు చేసి ఇవ్వాలి. ఆయన నమస్కారం పెట్టి, క్యారేజీ బల్ల మీదే వదిలేసి, లేచి వెళ్లిపోయారు.

కృష్ణప్రియ మెట్ల దగ్గర అందుకుంది. "రామలింగం గారూ, ఏమీ అనుకోకండి. నా పరిస్థితి..."

"సున్నాకి నేనేమీ అనుకోనమ్మా. సరుకు లేకపోతే కాటాలో ఏం వేస్తారు?" ఆయన రెయిలింగు పట్టుకుని ఆగారు. "ఇంకోదానికి అనుకున్నాను. జనవరిలో నేనొక రూళ్ల పుస్తకం కొనుక్కొచ్చాను, మీకు జ్ఞాపకముందో లేదో. గేటు దగ్గర కూర్చుని బళ్ల టైములు నేను రాద్దామని. మంచు పడుతోంది, మీకెందుకండీ అని మీరు నా చేతిలోంచి ఆ పుస్తకం తీసుకున్నారు. లోపల కుర్చీ వేసి కాఫీ ఇప్పించారు. మీరు రాసిందంతా ఆ పుస్తకంలోనేనమ్మా. మూడు వారాల తర్వాత ఇంకేదైనా పని ఇమ్మని మళ్లీ అడిగాను. సాయిరామ్ ఉన్నాడుగా అన్నారు."

"పెద్దవారు కదా అని..."

"ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశారు నన్ను. ముప్పై ఏళ్లు ఆగి చదువుకుందామని వచ్చానమ్మా నేను." ఆయన గొంతు పెంచలేదు. "పని చేసి తప్పితే ఇంత బాధ ఉండేది కాదు."

ఇన్నాళ్లూ ఆయన పని చెయ్యలేదని కృష్ణప్రియ లోలోపల గొణుక్కుంది. చెయ్యనివ్వనిది తనేనని ఒక్కసారి కూడా తోచలేదు. పదకొండేళ్లు తనని అసిస్టెంటు కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లందరూ కూడా చాలా మర్యాదస్తులే. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడకి సిగ్గేసింది. క్షమించండి అనడానికి నోరు తెరిచింది కానీ, అదీ ఇంకో మర్యాద అయి ఊరుకుంటుందని అర్థమై మానేసింది.

"రైతుల బళ్లకి టైములు కేటాయిస్తే గేటు దగ్గర రద్దీ తగ్గుతుందని రిపోర్టులో రాశాను. తగ్గుతుందో లేదో నాకు తెలియదు," అంది. "మే రెండో సోమవారం నుంచి మొదలుపెడతాను. అది మీ ప్రాజెక్టు. పొద్దున్న ఆరింటికి గేటు దగ్గరుండాలి. పదింటిదాకా కదలకూడదు. ప్రతి బండీ రాయాలి, ఒక్కటి తప్పినా ఆ రోజు లెక్కలోకి రాదు. కుర్చీ వెయ్యను."

రామలింగం గారు రెయిలింగు మీంచి చెయ్యి తీశారు.

"ఎన్ని రోజులు?"

"నలభై."

ఆయన తలూపి రెండు మెట్లు దిగారు. అక్కడ ఆగి జేబులోంచి ఫోను తీసి కొడుక్కి చేశారు.

"భరతూ, మే రెండో వారం నుంచి పొద్దుటిపూట కాటా నువ్వే చూసుకోవాలి," అన్నారు. అవతల అబ్బాయి ఎందుకని అడిగినట్టున్నాడు. "నాకు పనుందిరా," అన్నారు రామలింగం గారు.